పంచాయతీ నిధుల్లో మా కాలనీ వాటా ఎవరిని అడగాలి?

పల్నాటి_కుర్రాడు
మా ఊరి మెయిన్ బజారుకి మళ్ళీ సీసీ రోడ్డు వేస్తున్నారు. పాతది బాగానే ఉంది, దాని మీదే ఇంకో పొర. మా ఎస్సీ కాలనీలో మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మురుగు కాలవ లేదు. వానాకాలం ఇళ్ళ ముందు నీళ్ళు, దోమలు, పిల్లలకి జ్వరాలు. పంచాయతీ ఆఫీసుకెళ్ళి అడిగితే "నిధుల్లేవు" అన్నారు. మరి రోడ్డుకి ఎక్కడివంటే "అది వేరే హెడ్డు" అన్నారు. ఈ హెడ్డులేంటి? ఎవరు నిర్ణయిస్తారు? తలల లెక్కన డబ్బు వస్తుందంటారు కదా, ఊళ్ళో మూడో వంతు తలలు మావే. తెలిసినవాళ్ళు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం ఇక్కడ వద్దు.

సిక్కోలు_బావు
పార్టీల గొడవ వద్దంటే సగం మంది ఇక్కడికి రానే రారు బావూ. నేను మాత్రం ఉంటాను, మా ఊర్లో కూడా ఇదే కత.

నిఖార్సు_మాట
ఊరంతా వాడే రోడ్డు ముందు వేస్తారు, అది సహజం. ప్రతిదానికీ కులం తేవడం అవసరమా?

పల్నాటి_కుర్రాడు
నేను కాలవ అడిగాను. అది ఏ కాలనీలో లేదో చెప్పాలి కదా అండీ.

ఈవోఆర్డీ_రిటైర్డ్
పంచాయతీరాజ్ శాఖలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

హెడ్డు అన్నది అబద్ధం కాదు. ఏ డబ్బు ఏ పనికన్నది వేరువేరుగానే ఉంటుంది. పంచాయతీకి సొంత ఆదాయం ఉంటుంది: ఇంటి పన్ను, కుళాయి రుసుము, చెరువు చేపల పాట, సంత వేలం, లేఅవుట్ ఫీజులు. రాష్ట్రం వసూలు చేసి పంచాల్సినవి కొన్ని: స్టాంపు డ్యూటీ సర్‌చార్జి (ఆస్తుల రిజిస్ట్రేషన్ మీద వచ్చేది), వృత్తి పన్ను, సీనరేజి (ఇసుక, కంకర లాంటివి తవ్వినందుకు కట్టే రుసుము). ఉపాధి హామీలో మెటీరియల్ (సిమెంటు, కంకర లాంటి సామాన్లు) కింద వచ్చే డబ్బు ఇంకొకటి. జిల్లాలో మొత్తం ఖర్చులో కూలికి 60, మెటీరియల్‌కి 40 శాతం మించకుండా లెక్క ఉండేది. పల్లెల్లో ఈ మధ్య వేసిన సీసీ రోడ్లు ఎక్కువగా ఆ 40 శాతంలోంచి వచ్చినవే. మీ బజారు రోడ్డు కూడా బహుశా అదే.

పెద్ద పద్దు మాత్రం కేంద్ర ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బు రాష్ట్రాలకి, స్థానిక సంస్థలకి ఎలా పంచాలో చెప్పే సంఘం) గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకి 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాలి. ఆ 60లో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతం అన్‌టైడ్. ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకి, ఆఫీసు ఖర్చులకి తప్ప.

ఇళ్ళ నుంచి వచ్చే వాడకం నీటిని పారించడం పారిశుద్ధ్యం కిందికే వస్తుంది. కాబట్టి మీరు వెళ్ళి "నిధులున్నాయా" అని అడగొద్దు. "టైడ్ గ్రాంటులో పారిశుద్ధ్యం వాటా ఎంత వచ్చింది, ఏ వీధిలో ఖర్చు పెట్టారు" అని అడగండి. మొదటి ప్రశ్నకి ఒక్క ముక్కలో లేవని చెప్పి పంపేయొచ్చు. రెండోదానికి పుస్తకం తెరవాలి.

లెక్కల_మాస్టారు
ఈవోఆర్డీ గారు చెప్పిన అంకెని తలకి ఎంతో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో గ్రామీణ జనాభా 83 కోట్ల పైచిలుకు. 2,36,805 కోట్లని భాగిస్తే ఐదేళ్ళకి తలకి 2,840 రూపాయల దాకా, ఏడాదికి సుమారు 570. ఇందులో మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు వాటాలు పోవాలి. గ్రామ పంచాయతీకి 70 నుంచి 85 శాతం ఇవ్వాలని ఆర్థిక సంఘం చెప్పింది. తక్కువలో తక్కువ 70 వేసుకుందాం. తలకి ఏడాదికి 400.

రెండు వేల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి 8 లక్షలు. అందులో పారిశుద్ధ్యం వాటా 30 శాతం, 2 లక్షల 40 వేలు. కాలనీ జనం మూడో వంతైతే వాళ్ళ పేరు మీద వచ్చింది 80 వేలు. ఐదేళ్ళకి 4 లక్షలు. ఇది దేశ సగటు. పంపకంలో 90 శాతం జనాభాకి, 10 శాతం విస్తీర్ణానికి బరువు ఇస్తారు కాబట్టి మీ ఊరికి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

పల్నాటి_కుర్రాడు
మాస్టారూ, మా ఊరు దాదాపు నాలుగు వేలు. అంటే మా కాలనీ పేరు మీద ఒక్క పారిశుద్ధ్యం కిందే ఐదేళ్ళకి 8 లక్షలు! ఇన్నేళ్ళలో మాకు ఎవరూ ఈ లెక్క చెప్పలేదు. మా నాన్నకి చదివి వినిపించాను, ఇంకోసారి చదవమన్నాడు.

గుడ్లవల్లేరు_రైతు
లెక్క బాగుంది కానీ ఆ డబ్బు మొత్తం పంచాయతీ చేతికి రాలేదు కదా. ఆంధ్రలో ఆర్థిక సంఘం నిధుల్ని పంచాయతీల కరెంటు బకాయిల కింద జమ చేసేసుకున్నారు. సర్పంచులకి తెలిసేసరికే ఖాతాల్లో డబ్బు లేదు. అప్పట్లో సర్పంచులు రోడ్డెక్కి ధర్నాలు చేశారు. మా ఊళ్ళోనూ వీధి దీపాల బ్లీచింగు ఖర్చులకి సర్పంచి జేబులోంచి పెట్టుకున్నాడు. పల్నాటి తమ్ముడూ, మీ పంచాయతీవాళ్ళు చెప్పే "నిధుల్లేవు"లో కొంత నిజం ఉండొచ్చు.

సిక్కోలు_బావు
వీధి దీపాలకి బ్లీచింగ్ ఎందుకు బావూ?

గుడ్లవల్లేరు_రైతు
మధ్యలో కామా పెట్టుకుని చదువుకో స్వామీ.

సర్పంచ్_అక్క
మాది తెలంగాణ. 2025 డిసెంబర్ల ఎలక్షన్లల్ల గెలిచిన. ఈ ముచ్చట్ల సర్పంచ్ దిక్కు నుంచి గూడ ఎవలన్న చెప్పాలె గదా.

మా తాన 2024 ఫిబ్రవరి సంది పంచాయతీలకు పాలకవర్గమే లేకుండె. స్పెషల్ ఆఫీసర్లు నడిపిండ్రు. ఎన్నికైన పాలకవర్గం లేకుంటె ఢిల్లీ పైసలు రావు. రెండేండ్లకు దగ్గర ఆ గ్రాంటు ఆగిపోయింది. పాత సర్పంచులు అప్పులు తెచ్చి చేసిన పనుల బిల్లులు చానా ఊర్లల్ల ఇంక పెండింగే. నేను కుర్సిల కూసున్న తెల్లారే ట్రాక్టర్ డీజిల్ బాకీ కాయితం చేతుల పెట్టిండ్రు. గ్రామసభల నిలబడి "పైసల్లేవు" అని నేను గూడ చెప్పాల్సి వచ్చింది. చెప్తుంటె నోరు రాలే.

గని పైసలు వచ్చిన్నాడు ఏ వాడకు ముందు అన్న మాట మాత్రం సర్పంచ్, వార్డు మెంబర్ల చేతులనే ఉంటది. ఆడ తప్పించుకునేటందుకు లేదు.

తండా_బిడ్డ
అక్క చెప్పింది నిజం. మాది 2018 చట్టం వచ్చినంక కొత్తగ పంచాయతీ అయిన తండా. మా రాజ్యం మాకు వచ్చిందని ఊరంత డప్పులు కొట్టి చిందేసినం. అంతకుముందు పెద్దూరికి పోయి ఒక్క బోరు మోటరు రిపేరుకు బతిమాలుకునేది. ఇప్పుడు మా సర్పంచ్ మా మనిషే, సంతోషమే. గని తలకు 400 అంటె 500 మంది ఉన్న తండాకు ఏడాదికి 2 లక్షలు. ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, నర్సరీ, డంపింగ్ యార్డు అన్ని పెద్దూర్లకు ఉన్నట్టె మాకూ ఉన్నయి. పంచాయతీ వర్కర్‌కు నెలకు 9,500. ఒక్క మనిషి జీతమే ఏడాదికి లక్షా 14 వేలు. దానికి రాష్ట్రం పైసలు రావాలె, అవి ఎప్పుడస్తయో తెల్వది. హైదరాబాద్ పక్కపొంటి పంచాయతీలకు లేఅవుట్ ఫీజులు, బిల్డింగ్ పర్మిషన్లు ఉంటయి. మా తాన ఏముంటది? గుట్ట, మోదుగు చెట్లు.

తలకు సమానంగ ఇచ్చుడు సమానం గాదు. రోడ్డు, నీళ్ళు, మోరీ అన్నీ ఉన్న ఊరికి తలకు 400, ఏమీ లేని తండాకు తలకు అదే 400.

లెక్కల_మాస్టారు
తండా_బిడ్డ చెప్పింది చాలా ముఖ్యమైన మాట. రాష్ట్రాలకి పన్నుల వాటా పంచేటప్పుడు ఆర్థిక సంఘం తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ ఇస్తుంది. 15వ సంఘం దానికి 45 శాతం బరువిచ్చింది. అదే పల్లెల దాకా వచ్చేసరికి 90 శాతం జనాభా, 10 శాతం విస్తీర్ణం, అంతే. పేదరికానికి ఒక్క శాతం కూడా లేదు. పైగా ఆ జనాభా 2011ది. ఆ తర్వాత ఊరి చివర వెలిసిన కాలనీలు లెక్కలోకే రావు. రాష్ట్రంలో పల్లెకీ పల్లెకీ మధ్య తేడాని సరిచేయాల్సింది రాష్ట్ర ఆర్థిక సంఘం. రాజ్యాంగం 243-ఐ ప్రకారం ఐదేళ్ళకోసారి వేయాలి. వేసినా నివేదిక అటకెక్కితే చేసేదేం లేదు.

ప్లేనో_ప్రసాద్
నేను టెక్సాస్‌లో ఉంటాను. మీరంతా ప్రభుత్వం చుట్టూనే తిరుగుతున్నారు. మా ఊరివాళ్ళం ఇక్కడ ఉన్నవాళ్ళం చందాలు వేసుకుని ఊళ్ళో నీళ్ళ ప్లాంటు పెట్టించాం, ముఖద్వారం కట్టించాం, గుడి బాగుచేయించాం. ఎస్టిమేట్లు, హెడ్డులు, ట్రెజరీ గొడవేం లేకుండా చకచకా అయిపోయింది. పల్నాటి తమ్ముడూ, మీ ఊరి ఎన్ఆర్ఐలని అడిగి చూడండి.

డ్వాక్రా_లక్ష్మి
ప్రసాద్ గారూ, మంచి మనసుతో చేశారు, కాదనను. మా ఊళ్ళోనూ అమెరికా డబ్బుతో ఆర్చి కట్టారు. దాని కిందనుంచే బిందెలు పట్టుకుని నీళ్ళకి వెళ్ళొస్తాం. చందా ఇచ్చినవాళ్ళకి వాళ్ళు పుట్టి పెరిగిన వీధి గుర్తుంటుంది, ఆ వీధికే చేస్తారు. మా పేట నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు లేరు. అలాంటప్పుడు మా పేటకి కాలవ ఎవరు తవ్విస్తారు?

జన్మభూమి రోజుల్లోనూ ఇంతే జరిగింది. 1997లో మొదలైనప్పుడు ఊరివాళ్ళు కొంత వాటా కడితే మిగతాది ప్రభుత్వం వేస్తుందన్నారు. వాటా కట్టగలిగిన వీధి ముందు కట్టేసి పని తెచ్చుకుంది. మా పేటలో కూలి డబ్బుల్లోంచి పోగేసేసరికి ఆ ఏటి పనులు అయిపోయాయి.

నిఖార్సు_మాట
ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కాలనీల్లో ఇంటి పన్ను ఎంతమంది కడుతున్నారు? ఊరి ఖర్చు కొందరే మోస్తుంటే పనులు కూడా వాళ్ళకే ముందు అడగడంలో తప్పేముంది?

డ్వాక్రా_లక్ష్మి
కడుతున్నాం. రసీదులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పంచాయతీలో ఏ సర్టిఫికెట్ కావాలన్నా ముందు ఇంటి పన్ను రసీదు చూపించమంటారు కాబట్టి అందరికన్నా ముందు మేమే కడతాం. బకాయిల జాబితా తెప్పించి చూడండి, ఏ వీధిలో ఎంతుందో. మా ఊళ్ళో ఎప్పుడో పెంకుటిల్లని రాసిన చోట ఇప్పుడు రెండంతస్తుల మేడ ఉంది. పుస్తకంలో ఇంకా పెంకుటిల్లే. ఇందిరమ్మ ఇంటికి మాత్రం స్లాబు వేసిన ఏడాదే పన్ను మార్చారు.

ఇంకో మాట. కాలవ పన్ను కట్టినవాళ్ళకి ఇచ్చే బహుమతి కాదు. పక్కనున్న మురుగులో పుట్టే దోమ మీ వీధికి కూడా వస్తుంది.

ఈవోఆర్డీ_రిటైర్డ్
లక్ష్మి గారన్నది నేను ఉద్యోగంలో చాలా ఊళ్ళలో చూశాను. పన్ను సవరణ అంటే ఊరి పెద్దల ఇళ్ళ ముందు టేపు పట్టుకుని నిలబడాలి. ఏ కార్యదర్శికీ అంత ధైర్యం ఇచ్చేవాళ్ళుండరు. అయినా చేసిన ఊళ్ళున్నాయి. వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో నీళ్ళకీ, పారిశుద్ధ్యానికీ, ఇంకా అనేక పనులకీ విడివిడిగా కమిటీలు వేసుకుని, ఇంటి పన్ను నూటికి నూరు శాతం వసూలు చేసుకున్నారు. కేంద్రం ఇచ్చే నిర్మల్ గ్రామ్ పురస్కారం 2007లో వచ్చింది. అక్కడ పన్ను ఎక్కడికి పోయిందో కట్టినవాడికి కళ్ళముందు కనబడింది కాబట్టే మరుసటి ఏడూ కట్టాడు.

ప్లేనో_ప్రసాద్
లక్ష్మి గారూ, మీ ప్రశ్న సూటిగా ఉంది. దానికి చందాల్లో జవాబు లేదు. మీకు ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. టెక్సాస్‌లో బడులు ఎక్కువగా ఆయా ప్రాంతాల ఆస్తి పన్నుతోనే నడుస్తాయి. మేముండే ప్లేనో లాంటి చోట ఇళ్ళ ధరలు ఎక్కువ, బడికి డబ్బు దండిగా వస్తుంది. శాన్ ఆంటోనియోలో పేదవాళ్ళుండే ఎడ్జ్‌వుడ్‌లో ఎంత రేటున పన్ను కట్టినా చాలేది కాదు. వాళ్ళు కోర్టుకెళ్తే 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. 1993లో చట్టం తెచ్చి, ఆస్తి ఎక్కువున్న ప్రాంతం నుంచి మిగులు పన్ను రాష్ట్రం తీసుకుని లేని ప్రాంతాల బడులకి వాడేలా చేశారు. జనం రాబిన్‌హుడ్ చట్టమంటారు. మా ప్లేనో బడుల డబ్బు ఏటా కోట్ల డాలర్లు అలా వెళ్తుంది. మా తెలుగువాళ్ళు చాలామంది గొణుగుతారు. నేను మాత్రం గొణగను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినవాణ్ణి, నా చదువుకి ఎవరెవరి పన్నో ఖర్చయింది.

తండా_బిడ్డ
గట్ల మా జిల్లాల గూడ సిటీ పక్క పంచాయతీల లేఅవుట్ పైసలల్ల ఇంత తండాలకు ఇయ్యుమనుండ్రి సార్.

సర్పంచ్_అక్క
ఇయ్యరు తమ్మి. పైసలొచ్చే ఊర్లను మున్సిపాలిటీల కలుపుకుంటుండ్రు. మిగిలేవి మనమే.

కొచ్చి_తెలుగోడు
ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ 1996 ఆగస్టులో జనకీయాసూత్రణం అని ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైంది. అప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి అప్పగించారు. మనవాళ్ళు గమనించాల్సింది ఏంటంటే, ఎస్సీ ఉప ప్రణాళిక, గిరిజన ఉప ప్రణాళిక (బడ్జెట్లో వాళ్ళ కోసం విడిగా పెట్టే డబ్బు) నిధుల్లో వాటాని కూడా పంచాయతీలకే ఇస్తారు. ఆ డబ్బు విడిగా ఉంటుంది, బజారు రోడ్డుకి తిప్పడానికి లేదు. ప్రణాళికలో 10 శాతం మహిళల పనులకి. గ్రామసభ ఊరంతటికీ కాదు, వార్డుకొకటి. మా వార్డు సభలో ఇంటి మరమ్మతుకి ఎవరు ముందో, ఎవరు తర్వాతో అందరి ఎదుట చదువుతారు. ఒకసారి ఒకావిడ లేచి "ఆయన కొడుకు గల్ఫులో ఉన్నాడు, పేరు కిందికి దించండి" అంది. దించారు.

గుడ్లవల్లేరు_రైతు
కేరళతో పోల్చకండి. అక్కడ 941 గ్రామ పంచాయతీలే, ఒక్కోదాంట్లో సగటున పాతిక వేల దాకా జనం. ఇంజనీరు, గుమాస్తాలు, ఆఫీసు ఉంటాయి. ఆంధ్రలో 13,326 పంచాయతీలు. కొన్నిచోట్ల కార్యదర్శికి ప్రింటరు కూడా ఉండదు.

కొచ్చి_తెలుగోడు
ఒప్పుకుంటాను. కానీ వార్డులో కూర్చోబెట్టి జాబితా చదవడానికి ప్రింటరు అక్కర్లేదు కదండీ.

నిఖార్సు_మాట
ఈ పద్ధతికి నాకూ అభ్యంతరం లేదు. ఏ వీధిలో ఏం లేదో ఒక జాబితా రాసి, అన్నిటికన్నా లేని వీధికి ముందు ఇస్తే కులం మాటే రాదు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

పల్నాటి_కుర్రాడు
రాయండి సార్, నేనూ అదే అడుగుతున్నాను. ఆ జాబితా రాసిన రోజు ఏ వీధులు పైన ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు కులం మాట ఎత్తాల్సింది మేము కాదు.

అనంత_మల్లె
ఇంతకీ ఎస్సీ, ఎస్టీల సబ్ ప్లాన్ (అదే ఉప ప్రణాళిక) చట్టం ఉంది కదా, దాన్ని ఎవరూ ఎత్తలేదేంటి?

ఈవోఆర్డీ_రిటైర్డ్
వస్తున్నాను. దేశంలో ఉప ప్రణాళిక పద్ధతి గిరిజనులకి 1974-75 నుంచి, ఎస్సీలకి 1979-80 నుంచి ఉంది. కానీ చట్టబద్ధత లేక, కాగితం మీద రాసి వేరే పనులకి ఖర్చు పెట్టేవారు. దళిత, గిరిజన సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చట్టమైంది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. బడ్జెట్లో ప్రణాళికా వ్యయంలో జనాభా శాతం మేరకు ఎస్సీ, ఎస్టీలకి విడిగా కేటాయించాలి. పదేళ్ళ గడువు పెట్టారు, 2023లో ఆంధ్రలో ఇంకో పదేళ్ళు పొడిగించారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. ఒక ఏడు ఖర్చు కాని డబ్బుని తర్వాతి ఏటికి కలపాలన్నది అందులో మంచి సంగతి.

కాకపోతే అది రాష్ట్ర శాఖల బడ్జెట్‌కి. అందరికీ ఇచ్చే పింఛన్లలో, రాయితీల్లో ఎస్సీ లబ్ధిదారుల వాటాని సబ్ ప్లాన్ ఖర్చుగా చూపిస్తే చట్టం నెరవేరినట్టే లెక్క తేలుతుంది, కాలనీలో కాలవ మాత్రం రాదు. మీరు అడగాల్సింది "మా కాలనీలో ఉన్న కొరతలకి పని మంజూరు చేయండి" అని. మండల పరిషత్, జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లోనూ ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 6 శాతం పక్కన పెట్టాలన్న నియమం ఉంది. మీ ఎంపీటీసీని ఆ 15 శాతం ఎక్కడ ఖర్చయిందో అడగండి. చాలామందికి ఈ సంగతే తెలియదు.

అనంత_మల్లె
ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబర్లో కొత్త చట్టం వచ్చింది కదా సార్, ఇకమీదట రోడ్లకి ఆ డబ్బు రాదా?

ఈవోఆర్డీ_రిటైర్డ్
పని దినాలు 125 అన్నారు. ఖర్చులో 40 శాతం రాష్ట్రం భరించాలన్నారు. ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే, మెటీరియల్‌లో పాతిక శాతమే రాష్ట్రానిది. రాష్ట్రాలకి బరువు పెరిగింది. ఊళ్ళో దాని ఫలితం ఎలా ఉంటుందో చూడాలి.

సిక్కోలు_బావు
మావూరి గ్రామసభ సంగతి సెప్తాను. పొద్దున్న పదకొండింటికి పెడతారు. మా వీధోల్లు ఆ టైముకి జీడితోటల్లో పనికెల్లిపోతారు. సభ అయిపోయినాక సంతకాలకి పుస్తకం ఇంటికొస్తాది. పెట్టేస్తారు పాపం, ఏటి రాసుందో సూడరు. అందుకే మావోల్లకి ఒకటే సెప్పాను. పుస్తకం ఇంటికొస్తే ముందు సదివించండి, సంతకం తరవాత.

డ్వాక్రా_లక్ష్మి
మా ఊళ్ళో సంఘాలవాళ్ళం ఒక పని చేశాం. సభ రోజు లీడర్లే కాకుండా సభ్యులందరం వెళ్ళి కూర్చున్నాం. పెద్దగా గొడవ కూడా చేయలేదు. "పోయినసారి తీర్మానాలు చదవండి, అందులో ఏవి అయ్యాయో చెప్పండి" అన్నాం. చదవడం మొదలుపెట్టేసరికే సగం మంది మొహాలు మారిపోయాయి. ఉపాధి పనుల సామాజిక తనిఖీలో ఎవరికి ఎన్ని రోజుల కూలి పడిందో పేరుపేరునా చదివేవాళ్ళు గుర్తుందా? పంచాయతీ ఖర్చులు కూడా అలాగే చదివించాలి.

పల్నాటి_కుర్రాడు
ఇంటర్నెట్టులో పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామస్వరాజ్ సైటు తెరిచి మా పంచాయతీ పేరు పెట్టి చూశాను. ఏ ఏడాది ఏ పనికి ఎంత అన్నది పనివారీగా ఉంది. నేను చూసిన దాంట్లో "డ్రెయిన్ పూడికతీత" అన్నది ఏటా ఉంది. ఉన్న కాలవల్లోనే కదా పూడిక తీసేది! కాలవ లేని మా వీధికి ఆ పద్దులో ఒక్క రూపాయి కూడా రాదు. కాలవ ఉన్న బజారుకి మాత్రం పూడిక డబ్బు ఏటా వస్తుంది. ఎవరో దురుద్దేశంతో చేశారని కూడా అనలేను. కానీ లేనివాడికి లేకపోవడమే అడ్డమైంది.

లెక్కల_మాస్టారు
నువ్వు చూసింది చాలా పెద్ద విషయం. పెద్ద బడ్జెట్లలోనూ ఇదే జరుగుతుంది. నిర్వహణ ఖర్చు ఆస్తి ఉన్న చోటికే పోతుంది. పనులు రాసుకునేటప్పుడు "కొత్తది" "పాతదాని మరమ్మతు" అని రెండుగా విడదీసి, కొత్తదానికి ముందే కొంత భాగం పక్కన పెట్టమని అడుగు.

ఈవోఆర్డీ_రిటైర్డ్
ఆ పనుల జాబితాని ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. వీధి పేరు లేని పనులకి కొలతల పుస్తకం నకలు సమాచార హక్కు కింద అడగండి. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఒక్కరి పేరుతో కాకుండా నలుగురి పేర్లతో నాలుగు దరఖాస్తులు పెట్టండి, ఒక్కణ్ణి పట్టుకుని బెదిరించే పని ఉండదు.

తొందర కూడా పడండి. 15వ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చితో సరి. ఆంధ్రలో 2021లో ఎన్నికైన పంచాయతీల ఐదేళ్ళు కూడా 2026 ఏప్రిల్‌తో సరి. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం నిధులు. కొత్త ఏడాది జీపీడీపీ, అదే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో మీ కాలవ ఎక్కకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. ప్రణాళికలో లేని పనికి బిల్లు కాదు.

ప్లేనో_ప్రసాద్
తమ్ముడూ, సర్వే చేసి ఎస్టిమేట్ వేయించడానికి ఖర్చేమైనా అయితే నేను పెట్టుకుంటాను. కాలవకి కాదు, అది పంచాయతీ డబ్బుతోనే రావాలి.

పల్నాటి_కుర్రాడు
థాంక్స్ అన్నా. సివిల్ డిప్లొమా చదివిన మా వదిన ఉంది, కొలతలు ఆమే రాస్తానంది. ఖర్చేం లేదు.

సర్పంచ్_అక్క
ఒక్క మాట యాదుంచుకో తమ్మి. మోరీ కట్టుడు తర్వాత, నీళ్ళు యాడికి పోతయో ముందు తేల్చుండ్రి. మా పక్కూర్ల ఒక వాడకు మోరీ కట్టి చివరకు తోవ చూపియ్యలే. నీళ్ళన్నీ కిందున్న ఇండ్లల్లకు పోయినయి. ఆ ఇండ్లు గూడ గరీబోల్లయే. వాగు దాకనో, చెరువు అలుగు దాకనో వాలు ఉన్నదా చూడుండ్రి. లేకుంటె ఇంటికో ఇంకుడు గుంత, చివరకు ఒక పెద్ద గుంత రాయించుండ్రి.

ఈవోఆర్డీ_రిటైర్డ్
అక్క సరిగ్గా చెప్పారు. తీర్మానంలో "ఎస్సీ కాలనీలో డ్రెయిన్" అని మాత్రం రాయించొద్దు. ఎవరి ఇంటి దగ్గర మొదలై ఎక్కడ కలుస్తుందో, ఎన్ని మీటర్లో, ఏ నిధిలోంచో రాయించండి. నకలు మీద కార్యదర్శి సంతకం, తేదీ తీసుకోండి.

పల్నాటి_కుర్రాడు
ఆదివారం అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు, ఆ రోజు టేపు పెట్టి కొలుస్తాం. వాలు చూడ్డానికి నీళ్ళ గొట్టం లెవెల్ చాలంటోంది వదిన. ఎవరి దగ్గరైనా మంజూరైన డ్రెయిన్ ఎస్టిమేట్ కాపీ ఉంటే ఇక్కడ పెట్టగలరా? ఎలా రాస్తారో చూసుకుంటాం.

అనంత_మల్లె
మా పంచాయతీలో పోయిన ఏడాది వేసిన కాలవది ఒకటి ఉంది. పేర్లు చెరిపేసి రాత్రికి పెడతాను.